బిగించమంటే ముక్కుతున్నానట

పోయిన కార్తీకంలో, 2024 నవంబరు 17 ఆదివారం తెల్లవారుజామున, అలిపిరిలో మొదటి మెట్టుకు పసుపు రాశాను. పెద్దమ్మాయికి కోరుకున్న కాలేజీలో సీటొస్తే మెట్లపూజ చేస్తానని మొక్కుకున్నాను. సీటొచ్చింది. మెట్లపూజ అంటే మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. వంగి పసుపు రాయాలి, కుంకుమ బొట్టు పెట్టాలి, లేచి పై మెట్టెక్కాలి, మళ్ళీ వంగాలి. అలా 3,550 మెట్లు.

రెండు వందల మెట్లు దాటాక లోపల తడి తగిలింది. చెమటనుకున్నాను. ఇంకాస్త పైకి పోయాక అర్థమైంది, వంగి లేచిన ప్రతిసారీ రెండు చుక్కలు జారుతున్నాయి. కుచ్చిళ్ళు ముందుకు లాక్కుంటూ ఇంకో ఇరవై మెట్లు చేశాను. నా వెనకే కర్పూరం వెలిగిస్తూ వస్తున్న పెద్దావిడ "ఏమ్మా, కాళ్ళు పట్టేసినాయా, కాసేపు కూచో" అంది. కాళ్ళకేమీ కాలేదు. ఒంటేలు తడిసిన చీరతో స్వామి మెట్లను ముట్టుకుంటున్నానన్న ఆలోచన ఒకసారి వచ్చాక ఇంక చెయ్యి ఆడలేదు. డబ్బాలకు మూతలు పెట్టేసి, కళ్ళు తిరుగుతున్నాయని ఆయనకు అబద్ధం చెప్పి దిగొచ్చేశాను. దిగేటప్పుడు ఇంకా ఎక్కువైంది. ఆటోలో సీటు అంచున కూర్చుని కొర్లగుంటలో మా ఇంటి దాకా వచ్చాను.

నాకు 46 ఏళ్ళు, హైస్కూల్లో సోషల్ చెబుతాను. రెండూ మామూలు కాన్పులే, మొదటిదానికి ఫోర్సెప్స్ వేశారు. దగ్గితేనో తుమ్మితేనో చుక్క పడడం నాలుగైదేళ్ళుగా ఉంది. ఒకసారి అత్తమ్మ దగ్గర నోరు జారితే "ఇద్దరు బిడ్డల్ని కన్నాక ఎవురికైనా అంతే" అని తీసిపారేసింది. నేనూ అంతేననుకున్నాను. బడిలో టీచర్ల బాత్రూమ్ తాళం ఎప్పుడూ ఎవరి దగ్గరో ఉంటుంది కాబట్టి నీళ్ళు తాగడమే తగ్గించేశాను.

మెట్ల మీద నుంచి దిగొచ్చిన రాత్రే ఫోన్లో వెతికాను. కెగెల్ వ్యాయామాలు చేస్తే చాలని ఎన్ని వీడియోలో! "మూత్రం ఆపుకున్నట్టు బిగించండి, రోజుకు వంద సార్లు." చేశాను. వంద అంటే వంద, లెక్క తప్పకుండా. ఒకామె మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చెయ్యమంటే అదీ చేశాను. డిసెంబరంతా ఇదే పని. లీకు తగ్గకపోగా కాస్త పెరిగినట్టే అనిపించింది. ప్యాడ్లకు నెలకు 280 రూపాయలు. అవి నెలసరి ప్యాడ్లు, ఒంటేలుకు పనికిరావని, దానికి వేరే ఉంటాయని చాలా తర్వాత తెలిసింది.

సంక్రాంతికి మా అన్న కూతురు వచ్చింది. చెన్నైలో బయోమెడికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పొంగలి గిన్నె పొయ్యి మీద నుంచి దించమంటే నేను వెనకాడడం చూసి, వంటింట్లో నిలదీసింది. "నడుం నొప్పా అత్తా?" కాదన్నాను. అంతకంటే ఏమీ అనకుండానే ఏడుపొచ్చేసింది. అది మాత్రం ఏ మాత్రం సిగ్గుపడలేదు. "మాకు ఇది సిలబస్‌లోనే ఉంది అత్తా, ప్రెషర్ కొలవడం. ఇందులో ఏడవడానికి ఏముంది" అంది. చదువుకున్న పిల్లలతో ఇదొక సుఖం.

జనవరి 20, సోమవారం. గైనకాలజిస్టు ఫీజు 500, బయట వెయిటింగ్ రెండు గంటల నలభై నిమిషాలు, లోపల పది నిమిషాలు. ఆవిడ పరీక్ష చేసి, దగ్గమని, దగ్గితే చుక్క పడడం చూసి, మూడు రోజుల డైరీ రాసుకురమ్మంది. ఎన్ని గంటలకు ఎంత తాగాను, ఎంత పోశాను, ఎప్పుడు లీకైంది. దానికోసం స్టీలు సామాన్ల కొట్లో 60 రూపాయలకు గీతలున్న ప్లాస్టిక్ జగ్గు కొన్నాను. ఇంట్లో ఇబ్బంది లేదు. బడికి ఆ జగ్గు ఎట్లా తీసుకుపోవడం? టిఫిన్ క్యారియర్ సంచీలో అడుగున పెట్టుకుని పోయాను. మధ్యాహ్నం తోటి టీచరు "ఈ రోజు మజ్జిగ తెచ్చావా" అని సంచీలో చెయ్యి పెట్టబోయింది. ఆ క్షణం నేను అరిచిన అరుపుకు తరగతి గదిలో పిల్లలు కూడా తల తిప్పారు.

డైరీ చూస్తే నాకే ఆశ్చర్యం. రోజు మొత్తానికి తాగింది లీటరు కూడా లేదు. మరోపక్క ఎందుకైనా మంచిదని గంటగంటకూ 90, 110 మిల్లీలీటర్లు పోసి వస్తున్నాను. వారం తర్వాత, 27న, డాక్టరమ్మ ఆ కాగితం చూసి "బ్లాడర్‌కు నిండే అలవాటే పోగొట్టారు" అంది. బ్లాడర్‌లో, అంటే మూత్రాశయంలో, ప్రెషర్ కొలిచే యూరోడైనమిక్స్ అనే పరీక్ష చేయించమంది. అయితే దానికి ముందు యూరిన్ కల్చర్ శుభ్రంగా రావాలి. ఇన్ఫెక్షన్ ఉండగా లోపలికి ట్యూబు పెట్టకూడదు, ఫలితం కూడా తప్పు వస్తుంది. కల్చర్‌కు మూడు రోజులు. నాకు ఇన్ఫెక్షన్ ఉందనే వచ్చింది. ఐదు రోజుల మాత్రలు, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ కల్చర్, మళ్ళీ మూడు రోజులు. రెండుసార్లకూ కలిపి ల్యాబుకు 1,500, మందులకు 420. ఈ పరీక్షకు పోయేవాళ్ళు మొదటిరోజే కల్చర్‌కు ఇచ్చేయండి. నాకు రెండు వారాలు ఇక్కడే పోయాయి.

ఫిబ్రవరి 19, బుధవారం. ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరు రాయను. నిండు బ్లాడర్‌తో తొమ్మిదిన్నరకల్లా రమ్మన్నారు. ఆపుకోలేకపోవడమే జబ్బుగా ఉన్న మనిషిని నిండు బ్లాడర్‌తో బెంచీ మీద కూర్చోబెట్టారు! పది ముప్పావుకు ఇక నా వల్ల కాలేదు, బాత్రూమ్‌కు పోయొచ్చాను. నర్సు కోప్పడింది. మళ్ళీ లీటరు నీళ్ళు తాగించారు. పిలిచింది పదకొండు యాభైకి.

మొదట ఒక కుర్చీ, మధ్యలో రంధ్రం. కింద గరాటు, గరాటు కింద జగ్గు, జగ్గు కింద కాటా. "కూర్చుని మామూలుగా పోయండమ్మా, మేం బయట ఉంటాం" అని తలుపు దగ్గరగా వేశారు. తలుపవతల కుర్రాళ్ళ మాటలు వినబడుతుంటే మామూలుగా ఎట్లా వస్తుంది? అయిదు నిమిషాలు పట్టింది. ఆ కాటా సెకను సెకనుకూ బరువు ఎంత పెరుగుతోందో చూసి ధార వేగం గీస్తుంది. కిరాణా కొట్టు కాటాకు కంప్యూటర్ తగిలించారంతే. మొత్తం 310 మిల్లీలీటర్లు, అత్యధిక వేగం సెకనుకు 24. మిగిలిందెంతో స్కాన్ చేస్తే 20. అంటే ఖాళీ అవడంలో లోపం లేదన్నమాట.

తర్వాత బల్ల. సన్నటి ట్యూబు ఒకటి మూత్రనాళంలోకి. రెండు మిల్లీమీటర్ల మందమే, అయినా జెల్లీ పూసి పెట్టేటప్పుడు భగ్గుమంది. రెండోది వెనక నుంచి, మలద్వారంలోకి. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. "మూత్రం పరీక్షకు అక్కడెందుకు?" అని అడిగితే "కావాలమ్మా" అన్నాడు టెక్నీషియన్. నేను అడిగింది ఎందుకని. చెప్పింది కావాలని. పైగా ఇద్దరూ మగవాళ్ళే ఉంటే గొడవ పెట్టుకునేదాన్ని, పక్కన నర్సు ఉంది కాబట్టి ఊరుకున్నాను. ట్యూబులు పెట్టి ఉండగానే ఎవరో కుర్రాడు ఫైలు కోసం తలుపు తీశాడు. నర్సు అరిచింది, వాడు ఫైలు తీసుకునే పోయాడు. ముందుగానే "లోపల గొళ్ళెం పెడతారా" అని అడగొచ్చు. ఇప్పుడైతే అడుగుతాను.

ట్యూబుల చివర్లు ఒక స్టాండుకు బిగించిన రెండు చిన్న పెట్టెలకు తగిలించారు. ప్రెషర్ కొలిచేవి అవే. టెక్నీషియన్ స్టాండును పైకీ కిందకీ జరిపి, నా పొత్తికడుపు కింద ఎముక ఎత్తుకు సరిచేశాడు. తర్వాత నన్ను లేపి నిలబెట్టినప్పుడు మళ్ళీ స్టాండు పైకి జరిపాడు. కొలత సెంటీమీటర్ల నీళ్ళలో కదా, స్టాండు పది సెంటీమీటర్లు కిందుంటే లెక్క పదే ఎక్కువ చూపిస్తుందట. మేడ మీద ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయిలో అంత జోరు, ఇదీ అదే.

"దగ్గండమ్మా." దగ్గాను. తెర మీద రెండు గీతలు ఎగిరాయి, ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా. అతను తల అడ్డంగా ఊపి, వెనకవైపు ట్యూబులో సిరంజితో నీళ్ళు ఎక్కించాడు. లోపల గాలి బుడగ ఉందట. మళ్ళీ దగ్గమన్నాడు. ఈసారి రెండూ సమానంగా లేచాయి. ఆ తర్వాత నిమిషానికోసారి "దగ్గండమ్మా, దగ్గండమ్మా". మనల్ని విసిగించడానికనుకున్నాను. ట్యూబులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోవడానికట. పని తెలిసినవాడే, మాటే కరువు.

బ్లాడర్‌లోకి సెలైన్ నిమిషానికి 50 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించారు. చల్లగా, కడుపులో మంచునీళ్ళు పోసినట్టు. వస్తున్నట్టు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు చెప్పాలి. 140 దగ్గర మొదటిసారి చెప్పాను. 300 దాటాక గదిలో కుళాయి తిప్పి వదిలారు! నీళ్ళ చప్పుడు వింటే బ్లాడర్ దానంతటది బిగుసుకుంటుందా అని చూడడానికి. నా గీత కదల్లేదు. అప్పుడతను "ఒకసారి గట్టిగా బిగించి ఆపుకోండి" అన్నాడు. నెలల తరబడి ప్రాక్టీసు చేసినదాన్ని, నా బలమంతా పెట్టి బిగించాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

380కి ఉండలేనన్నాను, 410కి ఆపారు. లేచి నిలబడి, ఊపిరి బిగబట్టి కొద్దికొద్దిగా ముక్కమన్నారు. ప్రెషర్ 92 దగ్గర కాళ్ళ వెంబడి కారింది. "లీక్" అని అతను కీబోర్డు మీద నొక్కాడు. మెట్ల మీద నన్ను అంత ఏడిపించినది అక్కడ ఒక చిన్న బాణం గుర్తు. విచిత్రంగా, నాకు సిగ్గనిపించలేదు. చివరికి ట్యూబులతోనే పోయించి తీసేశారు. బల్ల ఎక్కిన దగ్గర్నుంచి ముప్పై అయిదు నిమిషాలు.

ముందు చెప్పింది 5,500. బిల్లులో ట్యూబుల కిట్టుకు వేరే 1,400. రెండు రోజులు పోసినప్పుడల్లా మంట, బాగా నీళ్ళు తాగితే తగ్గింది. మర్నాడే బడికి పోవచ్చన్నారు కానీ నేను సెలవు పెట్టి మంచిపని చేశాను.

రిపోర్టు తర్వాతి రోజు సాయంత్రం ఇచ్చారు. మూడు కాగితాల నిండా రంగు గీతలు. అక్కడి డాక్టరు నాలుగు నిమిషాల్లో తేల్చేశారు. బ్లాడర్ తనంతట తను బిగుసుకోవడం లేదు, దగ్గు ఒత్తిడికే కారుతోంది, స్ట్రెస్ రకం. మూత్రనాళం కింద టేపు వేసే ఆపరేషన్ ఉంది, కానీ ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ చెయ్యండి, దాంతో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు అన్నారు. "నేను రోజుకు వంద చేస్తున్నాను డాక్టర్" అన్నాను. "కంటిన్యూ చెయ్యండి" అన్నారు.

ఆ రాత్రి మేనకోడలికి కాగితాలు ఫొటోలు తీసి పంపాను. ఫోన్ చేసి, వెనక ట్యూబు సంగతి అదే చెప్పింది. "అంగన్‌వాడీలో చంటిబిడ్డను తూచేటప్పుడు ఏం చేస్తారత్తా? తల్లి ఎత్తుకుని కాటా ఎక్కుతుంది, తర్వాత తల్లి బరువు తీసేస్తారు. ఇదీ అంతే. బ్లాడర్ ట్యూబులో కనబడే ప్రెషర్‌లో కడుపు ప్రెషర్ కూడా కలిసి ఉంటుంది. వెనక ట్యూబు కడుపుది చెబుతుంది. తీసేస్తే మిగిలేది బ్లాడర్ కండరం సొంత బలం." అంత తేలిక మాట ఆసుపత్రిలో ఒక్కరు చెప్పి ఉంటే నేను ఆ బల్ల మీద అంత బిగుసుకుపోయేదాన్ని కాదు.

కాసేపటికి మళ్ళీ అదే ఫోన్. "అత్తా, మూడు వందలు దాటాక ఇక్కడ రెండు గీతలూ గుట్టలాగా లేచాయి చూడు, ముప్పై దాకా. నువ్వేం చేశావప్పుడు?"

"బిగించమన్నారు, బిగించాను."

"బిగించలేదత్తా. ముక్కావు."

వాదించాను. నా ఒంట్లో నేనేం చేస్తున్నానో నాకు తెలియదా? అది ఓపిగ్గా చెప్పింది. కింది కండరాలు మాత్రమే బిగిస్తే కడుపు గీత దాదాపు కదలకూడదు. నాది కదిలింది, బ్లాడర్ గీత కూడా దానితోపాటే లేచింది. అంటే కడుపుతో కిందికి తోశాను. మూసుకోవాల్సిన దారి మీద పైనుంచి బరువేశాను. రోజుకు వంద సార్లు, నెలల తరబడి. నేనొక్కదాన్నే కాదట. 1991లో అమెరికాలో 47 మంది ఆడవాళ్ళకు నోటిమాటగా నేర్పి కొలిస్తే సరిగ్గా చేసింది సగం మందేనట. నలుగురిలో ఒకరు లీకు పెంచే పద్ధతిలో చేస్తున్నారట. నాకు కోపమొచ్చింది. వీడియోల మీద కంటే ఎక్కువగా, "కంటిన్యూ చెయ్యండి" అన్న మాట మీద. ఆ గీత ఆయన చేతిలోనే ఉంది కదా.

ఫిజియో దొరకడానికి పది రోజులు పట్టింది. మోకాళ్ళకు, మెడకు చేసేవాళ్ళు వీధికొకరున్నారు. ఈ పని చేసే ఆడవాళ్ళు ఊళ్ళో తక్కువ. ఒకరిద్దరు వేలూరు పొమ్మన్నారు. చివరికి గైనకాలజిస్టు దగ్గర నర్సే ఒక నంబరిచ్చింది. మార్చి 3, సోమవారం మొదటి సిట్టింగ్. ఒక్కోదానికి 450. ప్రోబ్ మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి, 1,900. బొటనవేలంత ఉంటుంది, పక్కల రెండు లోహపు పట్టీలు. యోనిలో పెట్టుకుంటే కండరం కదిలినప్పుడు పుట్టే కరెంటును పట్టుకుంటుంది. కడుపు మీద ఇంకో రెండు అతికించింది. తెర మీద ఆకుపచ్చ గీత కిందిది, ఎర్ర గీత కడుపుది.

"బిగించండక్కా" అంది. బిగించాను. ఎర్రది కొండలా లేచింది. ఆకుపచ్చది నిద్రపోతున్నట్టు పడుంది.

నవ్వకుండా నా చెయ్యి తీసుకుని నా కడుపు మీదే పెట్టింది. "ఇది గట్టిపడకూడదు. అసెంబ్లీలో నిలబడి ఉన్నారు, గ్యాస్ వచ్చేట్టుంది, పిల్లలు ముందున్నారు. ఏం చేస్తారు?" నాకు నవ్వాగలేదు. కానీ ఆ మాటకే లోపల ఏదో కొంచెం పైకి లాగినట్టయింది. ఆకుపచ్చది ఒక్కసారి వణికింది. "అదీ!" అంది ఆమె. ఆ రోజంతా అంతే, ఆ వణుకు మళ్ళీ రాలేదు. ఊపిరి బిగబట్టడం నా రెండో తప్పు. దానికి గట్టిగా అంకెలు లెక్కపెట్టమంది, మాట్లాడుతూ ఊపిరి బిగబట్టలేరు కదా. హాజరు పిలిచే గొంతుతో ఒకటీ, రెండూ, మూడూ అని చదివాను.

ఆ రోజే ప్యాడ్ పరీక్ష కూడా చేసింది. ఇంత సాదా పరీక్ష ఉందని నాకు తెలియదు. కొత్త ప్యాడు గ్రాముల కాటాలో తూచి కట్టుకోవాలి. అర లీటరు నీళ్ళు తాగి గంటలోపల నడవాలి, మెట్లెక్కి దిగాలి, కుర్చీలోంచి పదిసార్లు లేవాలి, పదిసార్లు దగ్గాలి, ఒక నిమిషం ఉన్నచోటే పరుగెత్తాలి, నేల మీద వస్తువును అయిదుసార్లు వంగి తీయాలి, కుళాయి కింద చేతులు కడుక్కోవాలి. తర్వాత మళ్ళీ తూకం. 14 గ్రాములు పెరిగింది. ఒక గ్రాము దాటితేనే లీకు కింద లెక్క. అయిదుసార్లు వంగడం దగ్గర నాకు మెట్లే గుర్తొచ్చాయి. ఆమెకు చెప్పాను. ఆయనకు కూడా చెప్పని మాట.

మూడో సిట్టింగ్‌లో కుదిరింది. ఎర్ర గీత నేల మీదే ఉండగా ఆకుపచ్చది 7 మైక్రోవోల్టుల దాకా లేచి మూడు సెకన్లు నిలబడింది. సంతోషం పట్టలేక గట్టిగా నవ్వాను. నవ్వగానే రెండు చుక్కలు. ఇద్దరం ఇంకా నవ్వాం.

ఇంటికి ఇచ్చిన పని చూసి మోసమనిపించింది. ఎనిమిది సార్లు బిగించడం, రోజుకు మూడు పూటలు. వంద చేసినదాన్ని ఇరవై నాలుగా? "వంద తప్పులకంటే ఎనిమిది ఒప్పులు నయం కదక్కా" అంది. బిగించినంత సేపూ వదలాలి కూడా. నా ఆకుపచ్చ గీత వదిలాక కిందికి రావడానికి బద్ధకించేది. వదలడం కూడా కండరం పనేనని అప్పుడే విన్నాను. పోస్తూ మధ్యలో ఆపే పని మాత్రం పూర్తిగా మానేయమంది, ఖాళీ అవడం చెడుతుందని. నీళ్ళు రోజుకు లీటరున్నర దాటించింది, గంటగంటకూ పోయే అలవాటును మెల్లగా రెండున్నర గంటలకు జరిపించింది.

మేనకోడలికి ఈ 7 సంఖ్య గర్వంగా చెబితే నీళ్ళు చల్లింది. మైక్రోవోల్టు కండరానికి అందే కరెంటు మాటట, బలం మాట కాదట. ప్రోబ్ ఒక వేలెడు అటూ ఇటూ అయినా అంకె మారుతుంది. ఇవ్వాళ్టి నాతో నిన్నటి నన్ను పోల్చుకోవాలి తప్ప ఇంకొకరితో కాదు. మరి ఒత్తిడే కొలవొచ్చు కదా అంటే, కెగెల్ అనే ఆ డాక్టరే 1948లో రబ్బరు బుడ్డి, గాలి మీటరుతో కొలిచాడట. "కానీ ఆ మీటరు నీలాంటివాళ్ళ దగ్గర మోసపోతుందత్తా. ముక్కినా ముల్లు లేస్తుంది, బిగించినా లేస్తుంది." అందుకే కడుపు మీద కూడా రెండు అతికించేది. ఎవరు కనిపెట్టారో కానీ ఆ ఎర్ర గీత లేకపోతే నేను ఇప్పటికీ ముక్కుతూనే ఉండేదాన్ని.

ఇంకో మాట కూడా దాని దగ్గరే నేర్చుకున్నాను. మూత్రనాళం కింద కండరం, పొర కలిసి చీర ఉయ్యాలలాగా పట్టుకుని ఉంటాయట. దగ్గినప్పుడు పై ఒత్తిడి నాళాన్ని ఆ ఉయ్యాలకేసి నొక్కితే దారి మూసుకుంటుంది. తోటలో నీళ్ళ పైపు మీద గట్టి నేల మీద కాలేస్తే నీళ్ళు ఆగుతాయి, బురదలో కాలేస్తే పైపు దిగబడిపోయి నీళ్ళు పోతూనే ఉంటాయి. 1994లో డెలాన్సీ అనే ఆయన రాశాడట. నా కాన్పులు నేలను బురద చేశాయి. ఎంత బిగించినా అది పూర్తిగా రాయి కాదు, కానీ దగ్గే ముందు ఒక్క క్షణం బిగిస్తే కాస్త గట్టిపడుతుంది. ఫిజియో దీన్నే నేర్పించింది. దగ్గు వస్తోందనగా ముందు బిగించు, తర్వాత దగ్గు. రాసినంత తేలిక కాదు. తుమ్ము మనల్ని అడిగి వస్తుందా?

ఏప్రిల్లో స్పాట్ వాల్యుయేషన్ పడి రెండు సిట్టింగులు పోయాయి. అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఏమీ తేడా లేదు. మానేద్దామనుకున్న రోజులవే. ఒకరాత్రి ఆయనతో మొత్తం చెప్పేశాను, మెట్ల మీద అబద్ధంతో సహా. కాసేపు ఏమీ అనలేదు. "అందుకా ఆటోలో అంచున కూర్చున్నావు" అన్నాడు. చూశాడన్నమాట. ఆ మర్నాటి నుంచి సోమవారం, గురువారం స్కూటర్ మీద తనే దింపాడు, ఆటోకు 80 మిగిలింది. కింద కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడేవాడు, పైకి మాత్రం ఎప్పుడూ రాలేదు.

జూన్ 9న పదహారో సిట్టింగ్, మళ్ళీ ప్యాడ్ పరీక్ష. 3 గ్రాములు. ఆకుపచ్చ గీత 18 దాకా, ఎనిమిది సెకన్లు. ఇప్పుడు ఆగస్టు. దగ్గితే పడదు. నవ్వితే పడదు. అకస్మాత్తుగా తుమ్మితే, స్పోర్ట్స్ డే రోజు పిల్లలతో పరుగెత్తితే పడింది. టేపు ఆపరేషన్ ప్రస్తుతానికి వద్దనుకున్నాను, అవసరమైతే ఎప్పుడైనా ఉంది. మొత్తం ఖర్చు ప్యాడ్లు, ఆటోలు కాకుండా ఇరవై వేలకు కొంచెం తక్కువ. ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి ఇన్సూరెన్సులో రూపాయి రాలేదు.

పోయిన నెల అత్తమ్మ వంటింట్లోకి వచ్చి, ఎవరూ లేరని చూసి, "ఆ బిగించేదేదో నాకూ చెప్పు" అంది. ఆవిడకు 71. ఎప్పుడూ కుర్చీలో మడతపెట్టిన పాత చీర ముక్క వేసుకుని కూర్చుంటుంది. కుర్చీ చల్లగా ఉంటుందని అట్లా చేస్తుందేమో అని పాతికేళ్ళుగా అనుకున్నాను. చెప్పాను. చెయ్యి కడుపు మీద పెట్టించి, అసెంబ్లీ బదులు పెళ్ళిపందిరి అన్నాను. మొదటిసారే గట్టిగా ముక్కింది.

మొక్కు మిగిలే ఉంది. ఆగిన మెట్టు దగ్గర్నుంచి మొదలుపెడదామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, మళ్ళీ మొదటి మెట్టు నుంచేనట. వంగే ముందు ప్రతిసారీ బిగిస్తూ పోతానని ఫిజియోకు చెబితే ఈసారి ఆమె నిజంగానే భయపడింది. "3,550 సార్లా? మూడొందలకే కండరం చేతులెత్తేస్తుందక్కా. మోకాళ్ళు మడిచి కూర్చోండి, లేచేటప్పుడు ఊపిరి వదలండి, యాభై మెట్లకోసారి ఆగండి. ఒక ప్యాడు పెట్టుకోండి, తప్పేం లేదు." కార్తీకానికి ఇంకా రెండు నెలలుంది. నిన్న పసుపు డబ్బా తీసి చూశాను, మూత గట్టిగానే పెట్టాను కానీ గడ్డకట్టిపోయింది. కొత్తది కొనాలి.